ప్రేమ్ సాగర్ పేరు మీద ఎక్కిన ఫొటోలు

నంద్యాల సంజీవనగర్‌లో ప్రేమ్ సాగర్ స్టూడియో తెలియని పెళ్ళివారు లేరు. రీలు కెమెరా కాలం నుంచీ ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళూ, చర్చిలో బాప్తిస్మాలూ అతని చేతి మీదుగానే ఆల్బములకెక్కాయి. నడినెత్తి ఎండలో తీసినా మొహం మీద నీడ పడనివ్వడని పేరు. భార్య ఎలిజబెత్ ఆళ్లగడ్డలో టీచరు. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఏనాడూ అతని కెమెరా ముట్టుకున్నది లేదు.

2009లో ఆమె తమ్ముడు జకరయ్య సెల్‌ఫోన్ల దుకాణం పెట్టి, అక్కకు కెమెరా ఉన్న ఫోను ఇచ్చాడు. అందులో ఒక యాప్ ఎక్కించాడు. ఫొటో తీసి మీట నొక్కితే చాలు, అది నేరుగా ఇంటర్నెట్‌లో ఉన్న ఒక ఫొటోల వెబ్‌సైటుకు పోతుంది. యాడున్నోళ్ళయినా చూసి, కింద నాలుగు మాటలు రాయొచ్చు.

"ఖాతా ఎవరి పేరు మీద పెట్టాల బావా?" అని అడిగాడు జకరయ్య.

"నా పేరే పెట్టు. స్టూడియోకు నలుగురిలో పేరొస్తాది," అన్నాడు ప్రేమ్ సాగర్.

అతను తన పాత ఫొటోల్లో మేలైనవి ఏరి, స్కాన్ చేయించి, నెట్ సెంటర్‌లో కూర్చుని అదే ఖాతాలోకి ఎక్కించాడు. మహానంది కోనేరు, తలంబ్రాలు పోసుకుంటున్న జంట, అహోబిలం కొండ మీద మబ్బు. ఒకరిద్దరు 'బాగుంది' అని రాసి ఊరుకున్నారు.

ఒకనాడు జకరయ్య స్టూడియోలోకి పరిగెత్తుకొచ్చాడు.

"బావా! నీ ఫొటో మొదటి పేజీలో ఏసినారు! జనాలు ఎగబడి చూస్తాండారు!"

షట్టరు కూడా దించకుండా అతని వెంట దుకాణానికి పోయాడు ప్రేమ్ సాగర్. కంప్యూటరు తెర మీద ఉన్నది కోనేరూ కాదు, కొండా కాదు. ఆళ్లగడ్డ శిల్పుల కొట్టం ముందు సగం చెక్కిన నంది. దాని మెడకు ఆనుకుని, ఉలి ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్న ఆడమనిషి. నందికింకా కళ్ళు తెరవలేదు. మనిషి కళ్ళు మూతపడి ఉన్నాయి. ఇద్దరి మీదా ఒకే రాతిదుమ్ము.

కింద మెచ్చుకోళ్ళు వరుసకట్టాయి. 'సాగర్ గారూ, మీ కంటికి దండం.' 'సాగర్ గారూ, ఇలాంటివి ఇంకా పెట్టండి.'

"ఇది నేను తీసింది కాదు," అన్నాడు ప్రేమ్ సాగర్.

"అక్క తీసిండాదా?" జకరయ్య మొహం ఇంకా వెలిగిపోయింది. "యాడ నేర్చుకునిందప్పా ఇదంతా!"

ఆ మాట ప్రేమ్ సాగర్‌కు కారం రాసినట్టు తగిలింది. ఎవరో పరాయివాడు పైకొస్తే తిట్టుకుని తృప్తిపడొచ్చు. కట్టుకున్న మనిషి, అదీ తన పేరు మీదే! ఇంటికి పోయాక ఎలిజబెత్‌కు ఆ సంగతి చెప్పనే లేదు. జకరయ్య ఫోను చేసి చెబితే ఆమె చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు వినలేక పెరట్లోకి పోయి నిలబడ్డాడు.

మరుసటి ఆదివారం చర్చికి ఎగనామం పెట్టి, పెళ్ళిళ్ళకు వాడే పెద్ద కెమెరా భుజాన వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు. వెతుక్కుంటూ పోతే ఆ మనిషి దొరికింది. పేరు ఉమామహేశ్వరమ్మ. నంది మాత్రం లేదు.

"మొన్ననే లారీకెత్తినారు కదప్పా," అందామె.

ఇంకో విగ్రహం దగ్గర ఆమెను కూర్చోబెట్టి, తల వాల్చి కళ్ళు మూసుకోమన్నాడు. గడ్డం కొంచెం పైకెత్తమన్నాడు. చెయ్యి అట్లా కాదు, ఇట్లా అన్నాడు. ఆమెకు విసుగొచ్చింది.

"టీచరమ్మ వచ్చిననాడు నేను నిజంగానే నిద్రబోయింటి. నువ్వు నిద్రబోమంటే యాడొస్తాది సామీ నిద్ర?"

అయినా తీశాడు. రాతి మీది ఉలి గాట్లు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చింది ఫొటో. అదే సాయంత్రం ఎక్కించాడు. మర్నాడు నెట్ సెంటర్‌లో చూస్తే కింద ఒకే ఒక్క మాట ఉంది: 'ఇది మీరు తీసినట్టు లేదే, సాగర్ గారూ.'

చదివిందే మళ్ళీ చదివాడు. అక్కడే, ఆ కుర్చీలోనే, ఖాతా పాస్‌వర్డ్ మార్చేసి లేచాడు.

ఆనాటి నుంచీ ఎలిజబెత్ ఫోనులోంచి ఫొటోలు పోవడం మానేశాయి.

"ఏందో, ఒక్కటీ పోతాండ్లేదు," అందామె. "ఆళ్లగడ్డ బస్టాండులో ఫోను పైకెత్తి పట్టుకోని నిలబడినా. అందరూ నన్ను చూసి నవ్వినారు."

"సిగ్నల్ లేదేమో," అన్నాడతను, అన్నం కలుపుకుంటూ.

తీయడం మాత్రం ఆమె ఆపలేదు. బస్సు కిటికీలోంచి తీసేది, బళ్ళో తీసేది. పోనివన్నీ ఫోనులోనే పోగుపడ్డాయి. అది నిండిపోయాక తమ్ముణ్ణి ఇంటికి పిలిచింది. జకరయ్య రెండు మీటలు నొక్కి తలెత్తాడు.

"సిగ్నల్ గిగ్నల్ ఏం కాదు. పాస్‌వర్డ్ తప్పంటాది. ఎవరో మార్చినారు."

ఎలిజబెత్ మొగుడి వైపు చూసింది.

"నువ్వేనా?"

"నేనే." అన్నాడతను. "తీసేది నువ్వు, దండాలు నాకు. నేను తీసింది పెడితే నాది కాదంటాండారు. ఎట్ల ఓర్చుకోవాల?"

"నీ పేరు పెట్టమని చెప్పింది నువ్వే కదా?"

"నేనే."

"నేను బస్టాండులో పిచ్చిదాని మాదిరి నిలబడింటే, ఈడ కూచోని అన్నం తింటాంటివి." ఆమె గొంతు పెరగలేదు. "నీకు ఊరంతా పేరుండాది. నాకు ఇదొక్కటుంటే నీకేం తరిగిపోయింది?"

ప్రేమ్ సాగర్ జకరయ్య చేతిలోంచి ఫోను తీసుకుని, పాస్‌వర్డ్ కొట్టాడు. "ఖాతాకు పేరు మార్చేది యాడ?" అని అడిగాడు. జకరయ్య చూపించాడు. ఒక్కో అక్షరానికి మీట మీద మీట నొక్కుకుంటూ తన పేరు చెరిపి, భార్య పేరు రాశాడు. ఆ తర్వాత కోనేరునూ, తలంబ్రాల జంటనూ, కొండ మీది మబ్బునూ, ఉమామహేశ్వరమ్మను కూర్చోబెట్టి తీసినదాన్నీ తీసేశాడు.

ఆగిపోయిన ఫొటోలు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. నెట్ నత్తనడక నడిచింది. ఒక్కోటి పోయేదాకా అతనికి చూడక తప్పలేదు. తడిసిన బస్సు అద్దం వెనక పొద్దుతిరుగుడు చేను. బడి గోడ మీద ఆరేసిన పిల్లల చొక్కాలు. అన్నింటా నీడలే, మనుషులున్నవాటిల్లో మొహాల మీదే. బాగున్నాయి. అది తెలిసేకొద్దీ మంట ఎక్కువైందే కానీ తగ్గలేదు.

వారం తిరక్కముందే ఎవరో రాశారు: 'ఎలిజబెత్ గారు సాగర్ గారి భార్యేమో. ఆయన బాగానే నేర్పించారు.'

ఎలిజబెత్ అది చదివి ఫోను మంచం మీద పడేసింది. ఆ క్షణం ప్రేమ్ సాగర్ ప్రాణం చల్లబడింది, నిజం చెప్పాలంటే. ఊరుకుంటే సరిపోయేది. కానీ సాయంత్రం నెట్ సెంటర్‌కు పోయి, ఆ మాట కిందే రాశాడు: 'నేనేం నేర్పలేదు. ఆమె కన్ను ఆమెదే. ఇట్లు, ప్రేమ్ సాగర్, నంద్యాల.'

ఆ తర్వాత ఆమె కొత్త ఫొటో ఏది తీసినా ముందు అతనికే చూపించేది. అతను పెదవి విరిచేవాడు.

"ఎడమకు జరిగి తీసింటే బాగుండు."

"జరిగి నువ్వు తీసుకో పో," అని, ఆమె మీట నొక్కేది.