నోరు మూయించే గిన్నెలు

ఏ ఊరు వెళ్ళినా, హోటల్ గదిలో పెట్టె దించగానే లిఫ్టు ఇన్‌స్పెక్టరు చేసే మొదటి పని కింద కౌంటరుకి ఫోన్ చేసి, ఇక్కడ జపాన్ కుండల ప్రదర్శన ఎక్కడైనా ఉందా అని అడగడం. లిఫ్టుల తనిఖీ అంటే ఊళ్ళు తిరగక తప్పదు. భార్యకి పుస్తకాల బైండింగు షాపు ఉంది, అక్కడ పని తెమిలినప్పుడల్లా ఆవిడ కూడా వెంట వస్తుంది. కౌంటరువాళ్ళకి తెలియకపోతే ఆయన మ్యూజియంకి ఫోన్ చేస్తాడు, మ్యూజియంవాళ్ళు ఎత్తకపోతే లైబ్రరీకి చేస్తాడు. అక్కడా కాకపోతే వీధిలోకి వెళ్ళి టాక్సీవాళ్ళని పట్టుకుంటాడు. ఒకసారి ఓ టాక్సీ అతను వాళ్ళని తీసుకెళ్ళి బాత్రూం సామాన్ల షోరూం ముందు దించాడు. అదీ జపాన్‌దేనట, అదీ పింగాణీయేనట.

చూసినవాళ్ళు ముచ్చటపడేవారు. పెళ్ళాం సరదా కోసం ఇంత తాపత్రయపడే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు? ముచ్చటకేం, దూరం నుంచి చూస్తే అన్నీ ముచ్చటే.

ఆవిడ కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడే మనిషి. మాటవరసకి అనడం లేదు. ఆవిడ నోట ఉన్నదున్నట్టు ఒక మాట వచ్చిందంటే దగ్గర్లో ఉన్న మట్టిపాత్ర ఏదో ఒకటి టప్పున పగులుతుంది. కొందరికి ఎడమచేతి వాటం ఉన్నట్టే ఆవిడకి ఇది. పెళ్ళయిన కొత్తలో ఆడపడుచు తల కురచగా కత్తిరించుకొచ్చి, "ఎలా ఉంది వదినా?" అని అడిగి, జవాబు రాబట్టుకుని ఒక పూలకుండీ పోగొట్టుకుంది. ఆ తర్వాత వంటింట్లోకి స్టీలు గిన్నెలు చేరాయి. సంగతి అంతటితో సద్దుమణిగింది.

అలాంటి మనిషికి కుండలంటే ప్రాణం. బైండింగుకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ కుట్టేముందు చదవడం ఆవిడ అలవాటు. ఆవిడకున్న చదువంతా అలా అబ్బిందే. ఒకసారి జపాన్ టీగిన్నెల మీద రాసిన పుస్తకం ఒకటి వెన్ను ఊడి వచ్చింది. అందులో బొమ్మ చూసి ఆవిడ సూది పక్కన పెట్టేసింది. గిన్నె మీద కుమ్మరి బొటనవేలి నొక్కు అలాగే ఉంది. పూత ఒక పక్కకి కారి ఆగిపోయింది. అంచు వంకర. ఏదీ దాచలేదు, ఏదీ దిద్దలేదు. తనలాంటి వస్తువు ఒకటి లోకంలో ఉందని ఆవిడకి అప్పుడు తెలిసింది. ఆ పుస్తకం గలాయన తిరిగి తిరిగి విసిగిపోయాడు.

ప్రదర్శనలకి వెళ్తే మాత్రం పెదవి విప్పేది కాదు. టికెట్ల దగ్గర ఇన్‌స్పెక్టరు ముందే సంగతి చెప్పేవాడు. వాళ్ళు గొడుగు బయట పెట్టమన్నంత మామూలుగా, "నోరు జాగ్రత్తమ్మా" అనేవారు.

ఇక ఆవిడకి చెప్పవలసినవన్నీ ఆయన ప్రదర్శన లోపలే చెప్పేవాడు. తన తమ్ముణ్ణి తమ దగ్గరే వచ్చి ఉండమన్నానని ఒక ఊళ్ళో చెప్పాడు. ఆవిడ ఎన్నాళ్ళుగానో అనుకుంటున్న సముద్రం ప్రయాణం మానేశామని ఇంకో ఊళ్ళో చెప్పాడు. ఆవిడ కళ్ళు ఉరిమేవి, నోరు లేచేది కాదు. బయటికొచ్చేసరికి పొంగు చల్లారి, మాటిచ్చేశారుగా, ఇంకేం చేస్తాం అనుకునేది. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. ఈయన మిగతా సగం తనే కలుపుకునేవాడు. పెళ్ళాం నోరు మూయించడానికి మగవాళ్ళు నానా దారులూ వెతుకుతారు గాని, ఇంత కళాపోషణతో వెతికినవాడు ఈయనొక్కడే.

ఈసారి ప్రదర్శన పాత టెలిఫోన్ ఆఫీసు మేడమీద దొరికింది. జపాన్‌లో పని నేర్చుకొచ్చిన ఒక ముసలి కుమ్మరావిడ, తన గురువు చేసినవీ తను చేసినవీ పొడుగాటి గదిలో చెక్కబల్లల మీద పెట్టింది. గాజు పెట్టెలు కూడా లేవు. నల్ల టీగిన్నె ఒకదాని ముందు భార్య వంగి చూస్తుంటే ఇన్‌స్పెక్టరు మొదలుపెట్టాడు. తనకి పై ఉద్యోగమిచ్చి దూరపు ఊరికి మారుస్తున్నారు. ఒప్పుకున్నాడు. కాపురం ఎత్తేయాలి కాబట్టి, బైండింగు షాపు ఖాళీ చేస్తామని అద్దెకిచ్చిన యజమానికి నిన్ననే చెప్పేశాడు. అక్కడా ఒకటి పెట్టుకోవచ్చు, పుస్తకాలు ఎక్కడైనా చిరుగుతాయి కదా అన్నాడు, గిన్నెతో చెబుతున్నట్టు.

ఆ షాపు ఆవిడ సొంతంగా నిలబెట్టుకున్నది. కుట్టుచట్రం తన ఎత్తుకి చేయించుకుంది, అట్టలు కోసే కత్తి తన చేతికి అరిగింది. ఇంట్లోనైతే పక్కింటివాళ్ళ పూలకుండీల భయం. షాపు చుట్టుపక్కల మట్టివస్తువన్నది లేదు. రోజంతా మనసులో మాట పైకి అనగలిగే చోటు ఆవిడకి అదొక్కటే.

పెదాలు బిగబట్టి గుమ్మం వైపు కదలబోయింది. ఆయన మోచెయ్యి పట్టుకుని, "ఆ మూలవి ఇంకా చూడలేదుగా" అన్నాడు.

అప్పుడే మట్టిచేతులు తుడుచుకుంటూ కుమ్మరావిడ వచ్చింది. భార్య ముఖం, మోచెయ్యి మీద ఆయన చెయ్యి చూసింది.

"మీ గురించి కింద చెప్పారమ్మా. నాకో సాయం చేసిపెట్టండి. ఆవంలో కాల్చేటప్పుడు చెడిపోయినవి వెనక గదిలో బల్లనిండా ఉన్నాయి. నాసివి గడప దాటకూడదని మా గురువు పద్ధతి, పగలగొట్టాల్సిందే. నా భుజం సుత్తి ఎత్తనివ్వడం లేదు. మందం తలుపులే, మూసేస్తే ఇటువైపు ఏం వినబడదు."

ఇప్పుడెందుకు, టైమైపోతోందని ఇన్‌స్పెక్టరు గొణిగాడు. ఎవరూ పట్టించుకోకపోయేసరికి తనూ వెనకాలే వెళ్ళాడు.

తలుపు పడగానే భార్య బల్ల ముందు నిలబడింది.

"ఆ షాపు నాది."

మెడ వంగిన కూజా ఒకటి విచ్చుకుంది.

"అడిగితే కాదంటానని తెలిసే మీరు నన్నడగలేదు."

పళ్ళెం పోయింది.

"నాకు కుండలు చూపించడానికి కాదు, నా నోటికి తాళం వేయడానికి ఊరూరా తిప్పారు."

ఒక వరస కప్పులు వరసగా పోయాయి. తర్వాత తమ్ముడి సంగతి వచ్చింది, సముద్రం వచ్చింది, నల్లగిన్నె ముందు మింగినది, నీలంగిన్నె ముందు మింగినది, అన్నీ వచ్చాయి. పెంకులు కాళ్ళకింద పడకుండా కుమ్మరావిడ చీపురుతో పక్కకి నెడుతూ, "కొంచెం ఆ జాడీ వైపు తిరిగి అనండమ్మా, అది మొండిది" అంది.

ఇన్‌స్పెక్టరు గోడకి అంటుకుపోయాడు. అంతా అయ్యాక మెల్లగా, "అయితే నన్నొక్కణ్ణే వెళ్ళమంటావా?" అన్నాడు.

"వెళ్ళండి. మీరు లేకపోతే నాకేం లోటు లేదు."

బల్లమీద చిన్న గిన్నె ఒకటే మిగిలింది. ముగ్గురూ దాన్నే చూశారు. ఆవిడ గొంతు పెంచి మళ్ళీ అంది. గిన్నెకి చీమ కుట్టినట్టయినా లేదు.

కుమ్మరావిడ దాన్ని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, "దీని తప్పేం లేదు" అని బల్లమీద పెట్టేసింది. భార్య కిటికీ వైపు తిరిగిపోయింది.

ఇన్‌స్పెక్టరు గోడ వదిలి ఆ గిన్నె దగ్గరికి వచ్చాడు. తర్వాత ఫోన్ తీసి షాపు యజమానికి చేశాడు. మా పరిస్థితులు ఎలా ఉన్నాయంటే, అని అలవాటుగా డొంకతిరుగుడుగా మొదలుపెట్టి ఆగిపోయాడు.

"షాపు ఖాళీ చేయడం లేదండీ. నేను వెళ్ళాలో మానాలో ఇంకా మేమిద్దరం మాట్లాడుకోవాలి. ఆవిణ్ణి అడగడానికి భయపడి, అడక్కుండా మీకు చెప్పేశాను. తప్పు నాది."

బల్లమీద గిన్నె టప్పున పగిలింది.

ఆయన ఉలిక్కిపడి భార్య వైపు చూశాడు. ఆవిడ పెదాలు కదిలించనే లేదు. అనాలంటే ఇంకా బోలెడుంది. ముందు కుమ్మరావిడ దగ్గర చీపురు తీసుకుని ఆయన చేతికిచ్చింది.