బ్యాలెట్‌లో కింది వరస

...సంతకం కవరు మీదే కదా, లోపలి కాగితం మీద కాదు. కాబట్టి ఎవరు విప్పి చూసినా అది గీతాంజలి ఓటని తెలియదు, తెలియడానికి వీల్లేదు. కాగితానికి పేరు లేదు, ముఖం లేదు. అలా ఉండాలని ఎవరో ఎప్పుడో గట్టిగా పోట్లాడే ఉంటారు. అంత పోట్లాట జరిగిన కాగితం ఇప్పుడు రేణు వాళ్ల డైనింగ్ టేబుల్ మీద, పునుగుల పళ్లేనికీ చట్నీ గిన్నెకీ మధ్య, పదిమందికీ కనబడేలా వెల్లకిలా పడి ఉంది. దాని మీద అరచెయ్యి పెట్టి కప్పాలనిపించింది గీతాంజలికి. కప్పితే ఎందుకని అడుగుతారు. కప్పకపోతే ఎవరూ చూడరు కూడా. చూడాల్సిన అవసరం లేదు, ఎందుకంటే అందులో ఏముంటుందో అందరికీ ముందే తెలుసు.

"గీతా, ఇంకేం సోచాయిస్తున్నవ్? ఇదేమన్న ఐఐటీ ఎంట్రన్సా, నెగెటివ్ మార్కులుంటయా?" అంది రేణు, చాయ్ కప్పులు పంచుతూ.

అందరూ నవ్వారు. గీతాంజలి కూడా నవ్వింది. ఆమె నవ్వు ఎప్పుడూ ఆమె కంటే ముందు వచ్చేస్తుంది. తర్వాత తను మెల్లగా వెళ్లి దాన్ని కలుసుకుంటుంది.

ఆదివారం మధ్యాహ్నం. ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఈ రాష్ట్రంలో ఓటున్న ప్రతివాళ్లకూ బ్యాలెట్ పోస్టులో ఇంటికే వస్తుంది. దాన్ని తీరిగ్గా నింపి, కవరులో పెట్టి, సంతకం చేసి, ఊళ్లో అక్కడక్కడా పెట్టిన డ్రాప్ బాక్సుల్లో వెయ్యొచ్చు. ఫ్రీమాంట్‌లో వీళ్లకి తెలిసిన ఐదారు తెలుగు కుటుంబాలు ఆ పనిని కూడా పాట్‌లక్ చేసుకున్నాయి. ఒకరు పులిహోర, ఒకరు పునుగులు, అందరూ బ్యాలెట్లు. కారణం దామోదర్. ఇన్నేళ్లలో మొదటిసారి తమలో ఒకడు ఎన్నికల్లో నిలబడ్డాడు, ఊళ్లో బడుల బడ్జెట్ చూసే స్కూల్ బోర్డుకి.

ఈ గదిలోనే సగంమంది ఒక పార్టీ, సగంమంది ఇంకో పార్టీ. పోయిన దీపావళికి ప్రెసిడెంటు మాటెత్తి ఇద్దరు అన్నం వదిలేసి వెళ్లిపోయారు. అందుకని రేణు ముందే షరతు పెట్టింది. "పైన ఎవరిష్టం వాళ్లది. కింద మాత్రం మనోడు." నింపాక బ్యాలెట్ పైభాగం లోపలికి మడిచి, ప్రెసిడెంటు కనబడకుండా, స్కూల్ బోర్డు వరస మాత్రం కనబడేలా ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఇప్పటికే గ్రూపులో ఆరేడు ఫోటోలున్నాయి. అన్నిట్లోనూ ఒకే నల్లటి చుక్క. కింద చప్పట్లు.

ఎంత వింత అనుకుంది గీతాంజలి. వేల మైళ్ల అవతల, ఎప్పుడూ ఎదురుపడని మనిషికి వేసే ఓటుకి ఇంత మర్యాద, ఇంత మరుగు. ఎదురుగా సోఫాలో కూర్చుని పునుగు కొరుకుతున్న మనిషికి వేసే ఓటుకి మాత్రం ఫోటో. కానీ ఆమెను భయపెట్టేది పై వరస కాదు. పై వరసలో ఎవరు గెలిచినా కూతురు దియ మధ్యాహ్నం అన్నం తింటుంది. కింది వరసే...

"చెల్లెమ్మా, ఏంటి అంత సీరియస్సు? నన్ను ఓడించే ప్లానా?" అన్నాడు దామోదర్ సోఫాలోంచి. నామినేషన్ వేసిన దగ్గర్నుంచి అతను ఆడవాళ్లందరినీ చెల్లెమ్మా అంటున్నాడు. అంతకుముందు గీతా అనేవాడు.

"అబ్బే, లేదన్నయ్యా" అంది ఆమె.

దామోదర్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎంత బాగుండేది. భర్త తేజేశ్వర్ ఉద్యోగం పోయినప్పుడు, ఇంకా గ్రీన్ కార్డు రాని రోజుల్లో, కొత్త ఉద్యోగం దొరక్కపోతే సామాను సర్దుకోవాల్సిన ఆ వారాల్లో, రోజూ ఆఫీసు నుంచి నేరుగా వాళ్లింటికొచ్చి రెజ్యుమే దిద్దినవాడు దామోదర్. తన కంపెనీలో రిఫర్ చేసి, మేనేజర్ వెంటపడి ఇంటర్వ్యూ ఇప్పించినవాడు. ఇవాళ వాళ్లు ఇక్కడ ఉన్నారంటే, ఈ బ్యాలెట్ చేతికొచ్చిందంటే, అందులో అతని చెయ్యి ఉంది. తేజేశ్వర్ ఈ మాట నెలకోసారైనా అంటాడు. అన్నప్పుడల్లా గీతాంజలి తలూపుతుంది. ఆ కృతజ్ఞత ఆమెకూ ఉంది. అయితే అది ఆమె లోపల ఒక గదిలా ఉంది. తలుపులు బయటినుంచి వేసి ఉన్న గది.

"కౌన్సెలర్లంటండీ," దామోదర్ పక్కాయనతో అంటున్నాడు, "పిల్లలు ఏడిస్తే వినడానికి జీతాలిస్తున్నారు. వచ్చే బడ్జెట్‌లో ఆ పోస్టులు తీసేసి, ఆ ఫండ్స్‌తో మ్యాథ్ ల్యాబ్ పెట్టిస్తా. ఏడుపు వినడానికి మన ఇళ్లల్లో అమ్మలు లేరూ? ఫ్రీ సర్వీసు!"

మళ్లీ నవ్వులు. ఈసారి ఆమె నవ్వు ముందుకి రాలేదు.

ఫ్రీ సర్వీసు. పోయిన ఏడు దియ స్కూలుకి తీసుకెళ్లిన లంచ్ బాక్సు విప్పకుండానే ఇంటికి తెచ్చేది. అమ్మ అడిగితే తిన్నానని చెప్పేది. అమ్మ నమ్మేది. నమ్మడం తేలిక కాబట్టి నమ్మింది. ఒకరోజు స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. మిస్ ఆల్వరెజ్ అనే కౌన్సెలర్, చాలా నెమ్మది గొంతు. కొన్ని వారాలుగా దియ లంచ్ టైములో తన గదిలోనే ఉంటోందని, మొదట్లో ఊరికే కూర్చునేదని, ఇప్పుడు కాస్త కాస్త తింటోందని చెప్పింది. గీతాంజలి వెళ్లింది. చిన్న గది, కిటికీ కూడా లేదు. టిష్యూ డబ్బా, మెత్తటి బీన్ బ్యాగ్, గోడకి ఎవరో పిల్లలు వేసిన తిమింగలం. దియ గురించి అంతా మాట్లాడాక ఆవిడ, "మీరెలా ఉన్నారు?" అని అడిగింది. ఫైన్ అనబోయింది గీతాంజలి. కానీ మర్యాదకి అడిగే ప్రశ్నకి ఆవిడ జవాబు కోసం ఆగింది, అదే ఇబ్బంది. తిమింగలాన్ని చూస్తూ చాలాసేపు కూర్చుని, ఏమీ చెప్పకుండానే లేచి వచ్చేసింది.

"నాన్నకి చెప్పొద్దు, ప్లీజ్," అంది దియ కార్లో. "నాన్న దీన్నో ప్రాజెక్ట్ అనుకుంటారు. స్ప్రెడ్‌షీట్ పెడతారు. తర్వాత రేణు ఆంటీకి తెలుస్తుంది. తర్వాత అందరికీ." అది నిజం కాబట్టి గీతాంజలికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. చెప్పలేదు. ఇప్పటికీ వారంలో రెండు రోజులు దియ ఆ గదికి వెళ్తుంది.

దామోదర్‌కి ఎదురు నిలబడినావిడ పేరు లిండా ఏదో. రిటైరైన టీచరట. కౌన్సెలర్ల పోస్టులు ఉంచుతానని రాసిన పాంప్లెట్ మెయిల్ బాక్సులో వస్తే గీతాంజలి నిలబడే రెండుసార్లు చదివింది. అంతే, ఆవిడ గురించి ఇంకేమీ తెలియదు. ఆవిడ ఎదురుపడితే గుర్తుపట్టలేదు కూడా.

ఒక ఓటుతో ఏమవుతుంది అనే ప్రశ్న ఆమె వేసుకోకపోలేదు. ఏమీ కాకపోవచ్చు. కానీ రేపు ఆ గది మూసేస్తే, దియ మళ్లీ డబ్బా విప్పకుండా తెస్తే, ఈ నల్లచుక్క తనే పెట్టానని ఆమెకి తెలుస్తుంది. దియకి తెలియకపోయినా ఆమెకి తెలుస్తుంది. కూతురికి అన్నం వడ్డిస్తూ ఆ చుక్కని మనసులో దాచుకోవాలి. ఆమె దాచుకున్నవి ఇప్పటికే చాలా ఉన్నాయి. చోటు లేదు.

"ఇంకా అవలేదా? ఇటివ్వు." తేజేశ్వర్ పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతనిది ఎప్పుడో అయిపోయింది. "నేను చేసేస్తా. నువ్వు సైన్ చేద్దువుగాని."

అందులో దౌర్జన్యం లేదు. ఇద్దరి మధ్యా ఎప్పటినుంచో నడుస్తున్న ఏర్పాటు అది. అతని వీసాకి తోకలా వచ్చే డిపెండెంట్ వీసా మీద ఆమె ఈ దేశానికి వచ్చింది. ఆ వీసా మొదలు పౌరసత్వం దాకా ఆమె కాగితాలన్నీ అతనే నింపాడు. తప్పు పోకుండా, ఓపిగ్గా. ఆమె చెయ్యాల్సిన చోట పసుపు స్టిక్కర్ అంటించి ఉంటుంది. అక్కడ సంతకం. ఆమె పుట్టిన ఊరి పేరు, తల్లి ఇంటిపేరు, ఇదివరకు ఏమైనా నేరాలు చేశావా అన్న ప్రశ్నకి జవాబు, అన్నీ అతని చేతిరాతలోనే ఈ ప్రభుత్వానికి తెలుసు.

ఒక్క పౌరసత్వం ఇంటర్వ్యూ గదిలోకే అతన్ని రానివ్వలేదు. ఆఫీసర్ అడిగిన వాటికి ఆమే చెప్పింది. ప్రభుత్వంలో శాఖలెన్ని, ఒక శాఖ మరీ బలపడకుండా ఆపేదేమిటి. పౌరులకి మాత్రమే ఉన్న హక్కు ఒకటి చెప్పండి అంటే, ఓటు అంది. వెరీ గుడ్ అన్నాడాయన. ఇంటర్వ్యూ కోసం ఆమె చదివిన పుస్తకంలో స్కూల్ బోర్డు గురించి ఒక్క ప్రశ్నా లేదు. బయట పార్కింగ్‌లో తేజేశ్వర్ రెండు కాఫీలతో నిలబడి, "ఏమడిగాడు, నువ్వేం చెప్పావ్, వర్డ్ ఫర్ వర్డ్ చెప్పు" అన్నాడు. ఆమె చెప్పింది. అన్నీ చెప్పేసి కారెక్కాక, లోపల ఏదో ఒకటి ఉంచుకోవాల్సిందేమో అనిపించింది.

ఇప్పుడు అతను పెన్ను తీసుకుని పేర్ల పక్కనున్న గుండ్రటి బబుల్ దిద్దుతున్నాడు. ఎంసెట్ రాసిన చెయ్యి, అంచు దాటదు. పై వరసలో ఎవరికో అడక్కుండానే దిద్దాడు. కిందికి వచ్చాడు. ఆఖరి వరసలో దామోదర్ పేరు పక్కన గుండ్రంగా, నిండుగా. "పర్ఫెక్ట్" అన్నాడు తనలో తను. పైభాగం మడిచి, ఫోన్ తీసి, ఫోటో. క్షణంలో టేబుల్ చుట్టూ ఫోన్లు టింగుమన్నాయి.

"గీతాంజలి గారి వోటు కూడా పడిపోయిందోచ్!" అన్నారెవరో. చప్పట్లు కొట్టారు. దామోదర్ లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు, నిజంగానే కళ్లు చెమర్చి.

"సంతకం" అన్నాడు తేజేశ్వర్, కవరూ బ్యాలెట్టూ ఆమె ముందుకి తోస్తూ. "మూడు కార్లలో వెళ్తున్నాం అందరం. లైబ్రరీ దగ్గర బాక్స్. అక్కడ గ్రూప్ ఫోటో."

ఆమె కవరు దగ్గరికి లాక్కుంది. మోచెయ్యి చట్నీ గిన్నెకి తగిలింది. కావాలని తగిలించిందో, అదే తగిలిందో ఆమెకే తెలియలేదు. కవరు మూల పచ్చగా తడిసింది.

"అయ్యో, తుడుచుకొస్తా" అని రెండూ పట్టుకుని, హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుని లేచింది.

"టిష్యూ ఇదిగో..."

"జిడ్డుగా ఉంది. నీళ్లు కావాలి."

హాలు చివర చిన్న బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టింది. లైటుతో పాటు ఫ్యాన్ కూడా తిరగడం మొదలెట్టింది. కమోడ్ మూత దించి కూర్చుంది. ఎవరైనా వింటారని కుళాయి తిప్పింది. కడిగిన చప్పుడు కావాలి. ఈ ఇంట్లో గొళ్లెం ఉన్న గది ఇదొక్కటే దొరికింది. ఓటు ఎలా వెయ్యాలో చెప్పే కాగితం కవరులోనే ఉంది. విప్పి చదివింది. ఒకే పదవికి రెండు పేర్లూ దిద్దితే ఆ పదవి వరకు ఓటు చెల్లదు, మిగతావి చెల్లుతాయి. పొరపాటు జరిగినా, కాగితం పాడైపోయినా పోలింగ్ కేంద్రానికి తీసుకెళ్లి కొత్తది అడగవచ్చు.

హ్యాండ్‌బ్యాగ్‌లో పెన్ను ఉంది. లిండా పేరు పక్కన బబుల్ కూడా దిద్దేస్తే చాలు. దామోదర్‌కి పడదు, లిండాకి పడదు. ఎవరికీ తెలియదు. కవరు అతికించి, సంతకం చేసి, నవ్వుతూ బయటికి వెళ్లి, గ్రూప్ ఫోటోలో నిలబడొచ్చు. పెన్ను మూత తీసింది. ఎంత తేలిక. ఎంత అలవాటు. ఎవరినీ నొప్పించకుండా తనని తను కొట్టేసుకోవడం. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె వేస్తున్న ఓట్లన్నీ ఇలాంటివే, రెండు వైపులా దిద్ది చెల్లకుండా చేసినవి. వెళ్దామా అంటే వెళ్దాం, వద్దా అంటే వద్దు. మీరెలా ఉన్నారు అంటే జవాబు లేదు.

పెన్ను కొస బబుల్ మీద ఆనించి ఉంచింది. చెయ్యి కదల్లేదు. భయం వల్ల కాదని ఆమెకి తెలిసింది, ఎందుకంటే భయం ఆమెకి బాగా తెలుసు.

కొత్తది అడగాలంటే ఎవరినో అడగాలి. అంతకంటే ముందు, బయట నిలబడ్డ మనిషికి ఈ కవరు ఎందుకివ్వడం లేదో చెప్పాలి. ఏమని? దియ సంగతి తను బయటపెట్టకూడదు. అది దియది. మరేం మిగిలింది చెప్పడానికి? ఇది నాది, నేను వేసుకుంటాను. ఆ మాటకి వెనకాల కారణం ఉండక్కర్లేదా? కారణం చెప్పకుండా ఒక మాట అని ఊరుకోవడం ఆమెకి రాదు. అతను కారణం అడుగుతాడు, దామోదర్ ముఖం చిన్నబోతుంది, రేణు వంటింట్లోకి తీసుకెళ్లి ఏమైంది చెప్పు అంటుంది. అవన్నీ జరుగుతాయి. ఒక్కటీ తప్పదు.

తలుపు మీద మెల్లగా తట్టాడు తేజేశ్వర్. "గీతా? ఓకేనా? అందరూ కార్లెక్కుతున్నారు. పాడైతే పర్లేదు, నా దగ్గరికి తీసుకురా, నేను సెట్ చేస్తా."

"పాడవలేదు" అంది ఆమె.

"అయితే ఏం చేస్తున్నావ్ లోపల?"

కుళాయి పారుతూనే ఉంది. ఆమె లేచి దాన్ని కట్టేసింది. స్విచ్ కట్టేస్తే లైటుతో పాటు ఫ్యానూ ఆగింది. తలుపు అవతల అతని ఊపిరి వినబడేంత నిశ్శబ్దం. బ్యాలెట్‌ని రెండు చేతులతో పట్టుకుని, అతనికి వినబడేలా, మధ్యకి చింపింది.