తలకిందుల కలబంద పగ

నేను ఒక కలబంద మొక్కను. ఒళ్ళంతా చేదు, అంచులంతా ముళ్ళు, లోపలంతా నీళ్ళు. ఉరవకొండలో ఎర్రిస్వామి ఇంటి ముందు మా అమ్మ మొదట్లోంచి పిలకగా లేచాను. మమ్మల్ని అక్కడ పెట్టింది అతడి భార్య ఓబులమ్మ. మా ఊరికి వాన చుట్టపుచూపుగా వచ్చిపోతుంది. అందుకని ఆవిడ నీళ్ళడక్కుండా బతికేవాళ్ళనే చేరదీసింది. గోడ మీదికి కాగితంపూల తీగ, గేటు దగ్గర బిళ్ళగన్నేరు, మెట్ల పక్కన గడ్డిగులాబీలు, మూలన మేము. వైశాఖంలో కూడా ఆవిడ చెంబెడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు, మేము అడిగిన పాపానా పోలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని మా మధ్య కూర్చునేది. ఆ ఇంట్లో ఆవిడ మాట చెల్లిన చోటు అదొక్కటే.

ఎర్రిస్వామిది సిమెంటు దుకాణం. బెంగళూరులో ఏదో హోటలు ముందు పచ్చగడ్డి చూసొచ్చాడు. అప్పట్నుంచి మేం అతడి కంట్లో నలుసులమయ్యాం.

"ముండ్ల చెట్లు ఇంటి ముందర ఉంటే కొట్లాటలు తప్పవంట మే" అన్నాడు భార్యతో.

ఆ ఇంట్లో కొట్లాటలన్నీ అతడి నోట్లోంచే పుట్టేవి. మా ముళ్ళకు అంత తీరిక ఎక్కడిది?

"నీళ్ళడగని చెట్లు. వాటితో నీకేం కష్టమొచ్చె?" అంది ఓబులమ్మ.

ఆవిడ పుట్టింటికి వెళ్ళిన రోజు చూసి కూలీలను పెట్టి అందరినీ పీకించాడు. మా అమ్మ ఎంతకీ రాకపోతే తనే వచ్చి రెండు చేతులా లాగాడు. ట్రాక్టరులో పడి ఆవిడ ఆకులు విరిగిన చప్పుడు నేను విన్నాను.

నన్నొక్కదాన్ని ఉంచుకున్నాడు. దయ అనుకునేరు! మా చోట పరిపించిన కొత్త గడ్డికి దిష్టి తగలకుండా వేళ్ళు పైకి, ఆకులు కిందికి వచ్చేలా గుమ్మానికి కట్టాడు. మా వైపు అది ఆచారం. చూసేవాళ్ళ కళ్ళ చెడుగంతా కలబంద లాక్కుంటుందని, లాక్కుని ఎండిపోతే ఇంకోటి కట్టాలని వీళ్ళ నమ్మకం. నావాళ్ళను చంపినవాడి గడ్డికి నేను కాపలా! ఆరోజే ఒట్టు పెట్టుకున్నాను. చావను. దిష్టి ఒక్క పిసరు కూడా తీసుకోను. ఎప్పటికైనా ఆ మట్టిలోనే వేళ్ళు పెడతాను.

ఓబులమ్మ తిరిగొచ్చి గేటు దగ్గరే నిలబడిపోయింది. మర్నాటి నుంచి కాఫీ వంటింట్లో నిలబడి తాగేది. అది చూసి నాకు ఇంకా మండింది.

గడ్డికి మాత్రం రాజభోగం. పూటపూటా మోటారు ఆడాల్సిందే. ఎదురింటి సుభద్రమ్మ వచ్చి, "అబ్బబ్బ, దుప్పటి పరిచినట్లుండాది కదప్పా!" అని కళ్ళు ఇంతింత చేసుకుంది. నరుడి కంటికి నాపరాయైనా పగులుతుందంటారు. ఆ చూపు నా పక్కనుంచి పోతుంటే ఒళ్ళు ముడుచుకుని దారిచ్చాను. వెళ్ళు తల్లీ, అదిగో గడ్డి, ఆలస్యం చెయ్యకు అన్నాను.

ఎండలు ముదిరేసరికి బోరు ఇంత బురద, అంత గాలి కక్కి ఆగిపోయింది. ట్యాంకరు నీళ్ళు తాగడానికే చాలలేదు. గడ్డి ముందు అంచుల్లో పండింది, తర్వాత నడుమ మాడింది, చివరికి పాత చాపలా మిగిలింది. నేను ఒంట్లో దాచుకున్న నీళ్ళు కొద్దికొద్దిగా తాగుతూ, నిమ్మకు నీరెత్తినట్టు వేలాడాను. ఎంత హాయిగా ఉండిందో! నిజానికి గడ్డిని చంపింది దాహం. అయినా ఆ పేరు నేనే తీసుకుంటాను, ఎవరికీ ఇవ్వను.

ఎర్రిస్వామి తలెత్తి నన్ను చూశాడు.

"చూడు మే దీన్ని! దిష్టి తీసుకుని ఉంటే ఇది ఎండాల. ఇదేమో బలిసుండాది, గడ్డి చచ్చిపాయె. ఉన్న ఇంటికే ద్రోహం చేసె!"

తాడు తెంపి విసిరికొట్టాడు. కోపంలో ఎక్కడ పడ్డానో చూసుకోలేదు. చచ్చిన గడ్డి నడిమధ్యన పడ్డాను. ఓబులమ్మ వచ్చి పాదంతో ఇంత మట్టి నా వేళ్ళ మీదికి తోసింది.

"తీసి అవతల పారెయ్" అన్నాడు.

"తీయను. నువ్వు గడ్డి ఏసుకున్నావు, చూసుకున్నావు. ఇంక ఈ నేల నాది" అంది ఆవిడ.

బోరు ఎండినవాడు చెప్పులేసుకుని దుకాణానికి పోయాడు. ఆవిడ వీధిలో నాలుగిళ్ళు తిరిగి కాగితంపూల, గడ్డిగులాబీల కొమ్మలు తెచ్చి గుచ్చింది. నేను పిలకల మీద పిలకలు వేశాను.

మరుసటి వేసవిలో, ఎండలో సిమెంటు లారీల వెంట తిరిగి తిరిగి ఎర్రిస్వామికి సెగ్గడ్డ లేచింది. లేచిందీ ఎక్కడో కాదు, కూర్చునే చోట. కలబంద గుజ్జు పెట్టమని ఊరంతా చెప్పింది. కత్తి పట్టుకుని, కాళ్ళు ఎడం చేసి నడుస్తూ నా దగ్గరికొచ్చాడు. వాకిలి ఊడుస్తున్న ఓబులమ్మ, "ఆగు" అంది.

"మందుకు కోసేటప్పుడు చెట్టును అడగాల. మొక్కి, అడిగి కోసుకో."

"చెట్టును అడిగేదేంది మే?"

"అడక్కపోతే పనిచెయ్యదు. నీ ఇష్టం."

ఎదురింటి అరుగు మీద సుభద్రమ్మ బియ్యం ఏరడం ఆపి చూస్తోంది. ఎర్రిస్వామి అటు చూశాడు, ఇటు చూశాడు. గడ్డ సలిపినట్టుంది, మొహం ముడుచుకుంది. కత్తి చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, కలబందా... ఒక ఆకు ఇయ్యి తల్లీ."

ఇచ్చాను. మందు ఇవ్వనని అనే జాతి కాదు మాది. కానీ ఇచ్చేముందు అంచు ముల్లు అతడి బొటనవేలిలో నెత్తురు చిమ్మేదాకా దించాను. అబ్బా అని వీధి చివరిదాకా వినబడేలా అరిచాడు.

ఓబులమ్మ చీపురు ఆపలేదు.

"రేపటికి ఇంకొకటి కూడా కోసుకో" అంది.