గాలి స్నానం

మూడో షెడ్డులో మాట్లాడి మెట్లు దిగేసరికి ఆమెకు ఆయాసం అందుకుంది. కొత్తగా చేరినవాళ్ల సభ ఇంకా మిగిలే ఉంది. పొద్దున్నుంచి కాలు ఒక చోట నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. చేతిలోని కాగితాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

ఆ కాగితం మేనేజరు రాసిచ్చింది. "జబ్బు నన్ను పడగొట్టలేదు, నేనే జబ్బును పడగొట్టాను" అని మొదలవుతుంది. చూడకుండానే అప్పజెప్పేటంతగా నోటికి వచ్చేసింది.

పన్నెండేళ్లు ఇదే కర్మాగారంలో నేలకు పరిచే రాతిపలకలకు సాన పట్టింది. ఆమె చెయ్యి పడిన పలకలో ముఖం చూసుకోవచ్చని అందరూ మెరుగక్క అనేవాళ్లు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని తెలిసిన తర్వాత ఏడాది మంచాన పడింది. ఆస్పత్రిలో అటూ ఇటూ తనలాంటి ఆడవాళ్లే దగ్గుతుంటే, బతికి బయటపడితే ఇంకొకళ్లని ఈ మంచం ఎక్కనివ్వనని ఒట్టు పెట్టుకుంది. లేచి నేరుగా మేనేజరు దగ్గరికే వెళ్లి, "పనివాళ్లతో దుమ్ము సంగతి నన్ను మాట్లాడనివ్వండి సార్, నా మాటైతే వింటారు" అని బతిమాలింది. ఆయన ఏకంగా ఉద్యోగమే ఇచ్చాడు. సానకు నెలకు తొమ్మిది వేలు వచ్చేవి, మాటకు పద్నాలుగు వేలు. ఆమె మందులు ఇప్పుడు ఆ మాటల మీదే వస్తున్నాయి.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆమె మాట పనిచేసింది. మాస్కులు వచ్చాయి, ఛాతీ పరీక్షలు వచ్చాయి. తర్వాత తర్వాత కాగితంలోంచి దుమ్ము అన్న మాట మెల్లగా జారిపోయింది. దాని చోట ధైర్యం, పట్టుదల వచ్చి కూర్చున్నాయి. పోయిన ఊపిరి తిరిగి రాదని డాక్టరు చెప్పిన సంగతి ఏ కాగితంలోనూ లేదు. ఆమె గమనించకపోలేదు. జీతం తీసుకునే మనిషికి గమనించినవన్నీ చెప్పే తీరిక ఉండదు.

నాలుగో షెడ్డు ముందు షిఫ్టు దిగుతున్నారు. యంత్రాలు శుభ్రం చేయడానికి పెట్టిన గాలి పైపుతో ఆడవాళ్లు ఒకరి ఒంటి మీద ఒకరు గాలి కొట్టుకుంటున్నారు. తలనుంచి పాదాలదాకా పట్టిన తెల్లటి దుమ్ము ఒక్క ఊపులో లేచిపోతుంది, ఇంటికి మనిషిలా వెళ్లొచ్చు. దాన్ని గాలి స్నానం అంటారు. లేచిన దుమ్ము ఎటు పోతుందో ఎవరూ అడగరు. అది ఎటూ పోదు, వాళ్ల ముక్కుల ముందే ఉంటుంది.

ఆ దుమ్ము మధ్యలో, మాస్కు గడ్డం కిందికి లాక్కొని, ఆమె ఆడపడుచు నిలబడి ఉంది.

"ఆపవే! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"బాగుంది వదినా! చేరిన రోజున ఈ పైపు నా చేతికిచ్చి, ముఖం పక్కకి తిప్పుకో చాలు అని నేర్పిందెవరంట?" అని నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతకీ ఆగక గోడ పట్టుకొని వంగిపోయింది.

ఆ దగ్గు మెరుగక్కకు బాగా తెలుసు. ఆ స్నానం తను ఎంతమందికి నేర్పిందో గుర్తు చేసుకోబోయి, భయం వేసి మానేసింది.

"ఎన్నాళ్లనుంచి?"

"రెండు నెలలు. అన్నయ్యకి చెప్పకు. డాక్టరు పని మానెయ్యమన్నాడు, నేనే మాన్లేదు. ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదని ఇవాళ బ్యాడ్జీ ఇస్తారంట. అదీ నీ చేత్తోనే పెట్టిస్తారంట!"

మెరుగక్క అక్కణ్నుంచి దాదాపు పరుగున వెళ్లి సభ గుమ్మంలో మేనేజరును పట్టుకుంది.

"సార్, సాన చక్రం మీద నీళ్లు పడేలా పైపు పెడితే దుమ్ము లేవదు. ఆర్నెల్లుగా అడుగుతున్నాను."

"తడిస్తే పలక ఆరడానికి రోజంతా పడుతుంది మేడమ్. చూద్దాం లెండి. ముందు నలభై మంది వచ్చి కూర్చున్నారు, వాళ్లకి కాస్త హుషారెక్కించండి."

సాన పట్టే రోజుల్లో ఆయనకు ఆమె "ఏయ్". జబ్బు చేశాకే మేడమ్ అయింది. ఆ పిలుపుకు ఆమె పొంగిపోయిన రోజులూ లేకపోలేదు. ఇవాళ మాత్రం ఒళ్లు మండింది.

ఆ నలభై మందీ రేపు పొద్దున సాన దగ్గరికి వెళ్లబోయేవాళ్లు. అప్పటికే ఆడపడుచు ముఖం కడుక్కొని వచ్చి వేదిక మీద నిలబడింది. మెరుగక్క మైకు అందుకొని, "జబ్బు నన్ను..." అంది. అక్కడితో ఆగి, ఆడపడుచుకు పెట్టమని చేతికిచ్చిన బ్యాడ్జీని తిరిగి బల్ల మీద పెట్టేసింది.

"ఇది నేను పెట్టను. ఈ పిల్లకి కావాల్సింది బ్యాడ్జీ కాదు, జీతంతో సెలవు. నేను జబ్బుని పడగొట్టలేదమ్మా. సగం ఊపిరితో తిరుగుతున్నాను. ధైర్యం చాలక రాలేదు నాకీ జబ్బు, రాతిదుమ్ము పీల్చి వచ్చింది. ఆ దుమ్ములో స్నానం చెయ్యమని మీ ముందువాళ్లకి నేర్పిన పాపిష్టిదాన్ని కూడా నేనే..."

మైకు ఆగిపోయింది. స్విచ్చుల దగ్గర నిలబడ్డ మేనేజరు, "కరెంటు పోయినట్టుంది, అందరూ టీకి పదండి" అన్నాడు. నెత్తిమీద ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

ఆమె గొంతు మొదటి వరుస దాటలేదు. "వినపడట్లేదు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

ఆడపడుచు బల్ల మీది బ్యాడ్జీ వంక ఒకసారి, వదిన వంక ఒకసారి చూసింది. "నువ్వు చెప్పు వదినా, నేను అరుస్తాను" అంది.

"చక్రం మీద నీళ్లు పడేదాకా ఎవరూ సాన ముట్టుకోకండి."

"చక్రం మీద నీళ్లు పడేదాకా..." అని అరిచిందో లేదో, ఆడపడుచుకు దగ్గు అడ్డం పడింది. ఆ దగ్గు మాత్రం చివరి వరుస దాకా వినిపించింది.

మొదటి వరుసలో ఒకామె లేచి వెనక్కి తిరిగింది. "ఎవ్వరూ సాన ముట్టుకోవద్దంట!" అని ఖంగుమనే గొంతుతో పూర్తి చేసింది. మళ్లీ ఇటు తిరిగి, "తర్వాతేంటక్కా?" అని అడిగింది.

తర్వాతేమిటో మెరుగక్క కూడా ఇంకా ఆలోచించుకోలేదు. బల్ల అంచు పట్టుకొని ఊపిరి కూడదీసుకుంటోంది. టీకి ఎవరూ లేవలేదు. కుర్చీలు ఒక్కొక్కటే ముందుకు జరుగుతున్నాయి.