పని చేయని బటన్

రిమోటు మూత ఊడదీసి జ్ఞానరాజు మొహం పక్కకు తిప్పుకున్నాడు. బటన్ల సందుల్లో ఎండిన చట్నీ, వెంట్రుకలు, ఒక బొద్దింక గుడ్డు. టీవీ ముందు కూర్చుని తింటారు, ఎంగిలి చేత్తోనే నొక్కుతారు. పని చేయకపోతే అరచేతికేసి కొడతారు, బ్యాటరీలు ఎండలో పెడతారు, ఆఖరికి తెచ్చి ఇతని బల్ల మీద పడేస్తారు. తుడిచి తెద్దామన్న ఇంగితం ఒక్కడికీ లేదు. పదహారేళ్లుగా కల్లూరులో టీవీలు, రిమోట్లు బాగుచేసే అంగడి పెట్టుకుని ఊరందరి ఎంగిలీ గోకుతున్నాడు.

యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గోళ్లు మొదలంటా కత్తిరించుకుంటాడు. సబ్బుకు నాని నాని వేళ్ల కొసలు ఎప్పుడూ ముడతలు పడే ఉంటాయి. చర్చిలో ప్రేమవిందు నాడు కూడా ఇంటినుంచి క్యారియర్ తెచ్చుకుంటాడు. "నువ్వు పరలోకానికి పోయినా ఆడ గ్లాసు మళ్లీ కడిగిచ్చుకుంటావు" అంటుంది భార్య సంతోషమ్మ.

ఈ రోత పడలేకే మూడేళ్ల కిందట పాలిటెక్నిక్ పిల్లల పాత పుస్తకాలు కొని మైక్రోకంట్రోలర్ చిప్పుల పని నేర్చుకున్నాడు. పాత రిమోటును బోర్డు మీది సెన్సారు వైపు పెట్టి ఒక్కో బటన్ నొక్కితే చాలు. కంటికి కనబడని ఆ వెలుగు ఎంతసేపు వెలిగింది, ఎంతసేపు ఆగింది అన్నది చిప్పు పట్టుకుని, ఈ బటన్ అంకె ఇదీ అని చూపిస్తుంది. ఆ అంకెలన్నీ ఇంకో చిప్పులో ఎక్కించి కొత్త డబ్బాలో బిగిస్తే అచ్చం అదే రిమోటు. పాతదాని లోపల వేలు పెట్టే పని లేదు.

పది గంటలప్పుడు కిరాణా అంగడి వాళ్ల కోడలు సుచరిత వచ్చింది. ప్లాస్టిక్ కవరు తొడిగిన రిమోటును రెండు వేళ్లతో పట్టుకుంది. కవరు లోపల తడి. ఉచ్చ వాసన.

"మా మామదప్పా. పక్షవాతమొచ్చి మంచంలోనే ఉండాడు. ఆ టీవీ కంపెనీ మూసేసినారంట, రిమోటు యాడా దొరకలే. ఇట్లాంటిదే చేసియ్యి. సౌండు పెంచే బటన్ ఒక్కటి వద్దు."

"ఎందుకమ్మా?"

"ఊరికే పెంచుతాండాడు. ఇరుగుపొరుగు తిడతాండారు."

"కొత్త డబ్బాలో బటన్ అయితే ఉంటాది. నొక్కినా పని చేయకుండా చేయొచ్చు."

"ఉండనీలే. ఆయప్పకు తెలీదు."

గుడ్డతో పట్టుకుని పన్నెండు బటన్లూ సెన్సారుతో చదివించాడు. పదకొండే ఎక్కించాడు. చెప్పిన పని చేయడమే కదా తన వంతు, ఆ వాసన బల్ల మీంచి పోతే చాలు అనుకున్నాడు.

అలాంటి టీవీ తన దగ్గర లేదు గనుక మధ్యాహ్నం వాళ్లింటికే వెళ్లి చూడాల్సి వచ్చింది. వెనక గదిలో సుచరిత మామ రామకోటయ్య పడుకుని ఉన్నాడు. ఒకప్పుడు అంగడి గల్లా దగ్గర నిండుగా కూర్చునే మనిషి. మూతి ఒక పక్కకు పోయింది, చొంగ మెడ దాకా కారుతోంది. కదిలేది ఎడమ చెయ్యి ఒక్కటే. రిమోటు అందులో పెడితే ఛానళ్లు మారాయి. తర్వాత బొటనవేలు వెతుక్కుంటూ వెళ్లి సౌండు పెంచే బటన్ నొక్కింది. సౌండు పెరగలేదు. మళ్లీ నొక్కాడు. తలుపు వైపు చూశాడు. మళ్లీ నొక్కాడు.

గుప్పున కంపు కొట్టింది. దుప్పటి కింద తడి పాకుతోంది, ఈగలు వాలుతున్నాయి. అప్పుడు అర్థమైంది జ్ఞానరాజుకు. నోరు పడిపోయిన ఈ మనిషి దాహమైనా, పక్క తడిసినా టీవీ సౌండు పెంచి ఇంట్లోవాళ్లను పిలుస్తున్నాడు.

"చూడప్పా, ఇల్లు ఎంత నెమ్మదిగా ఉండాదో" అంది సుచరిత వంటింట్లోంచి.

"అమ్మా, ఆయప్ప పిలుస్తాండాడు."

ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గడపలోకి వచ్చింది. "నాకు తెలీదా? దినానికి ఇరవైసార్లు నేనొక్కదాన్నే ఎత్తల్ల. కన్నకొడుకు ఈ గదిలోకొచ్చి నెలయింది. నువ్వు ఎత్తుతావా?"

జ్ఞానరాజు మంచానికి ఒక అడుగు దూరం జరిగాడు. చీ, ఏం మనుషులు అనుకున్నాడు. అనుకుంటూ చూసుకుంటే తన చెయ్యి కూడా ముక్కు మీదే ఉంది. ముసలాయన అతన్నే చూస్తున్నాడు.

"ఇందులో ఒకటి తప్పుండాది. రేపొచ్చి మారుస్తాలేమ్మా" అని బయటపడ్డాడు.

సౌండు పెంచే అంకె కూడా కలిపి ఇంకో చిప్పులో ఎక్కించడానికి పది నిమిషాలు పట్టింది. తన అంగడి నుంచి ఆ ఇల్లు నాలుగు వీధులు. పోవచ్చు. ఆ కంపులోకి ఇవాళే మళ్లీ పోవడం తన వల్ల కాదనిపించింది. ఇంటికెళ్లి రెండుసార్లు స్నానం చేశాడు. కూడు సహించలేదు. ఎందుకని సంతోషమ్మ అడిగితే ఎండ అన్నాడు.

పొద్దున చిప్పు జేబులో వేసుకుని వెళ్లేసరికి వాళ్ల వాకిట్లో జనం. ముసలాయన రాత్రి ఎప్పుడు పోయాడో ఇంట్లో ఎవరికీ తెలియదట. "టీవీ చూస్తా చూస్తా పోయినాడు. ఎవరినీ కష్టపెట్టలే. పుణ్యాత్ముడప్పా" అంటున్నారు అరుగు మీదివాళ్లు. జ్ఞానరాజుకు తన మీద తనకే రోత పుట్టింది. లోపలికి వెళ్లకుండానే తిరిగొచ్చేశాడు.

దినాలన్నీ అయ్యాక సుచరిత అంగడికి వచ్చింది. "ఇంక మాకెందుకు, ఇంకెవరికన్నా పనికొస్తాదేమో పెట్టుకో" అని కొత్త రిమోటును బల్ల మీద పెట్టి, అతని మొహం చూడకుండా వెళ్లిపోయింది.

పదకొండు బటన్లు కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. సౌండు పెంచేది మాత్రం లోపలికి దిగబడిపోయి, పైకి రాకుండా అలాగే ఉంది.