తెల్లబారిన బల్ల

బల్ల తెల్లబారిన రోజు పొద్దుటి నుంచీ ముసురు పట్టి ఉంది. పాలిష్ మేస్త్రి తన షెడ్డులో, చెక్కకు మెరుపునిచ్చే లాకర్ పూత డబ్బాలో పల్చబరిచే థిన్నర్ పోసి, పుల్లతో కలిపి పైకెత్తి చూశాడు. ధార తెగకుండా జారింది. వానలో లాకర్ కొట్టకూడదని అతనికి తెలుసు. గాలిలోని తడి పూతలో చిక్కుకుని తెల్లటి పొరగా మిగిలిపోతుంది. తొందరపెట్టేవాళ్ళను, "వాన వెలిశాక రండి బాబూ" అని తిప్పి పంపడం అతని అలవాటు.

ఈ బల్ల మాత్రం భార్యది. ఆమె కుట్టుమిషను దాని మీదే ఉండేది. పెళ్ళయిన కొత్తలో వడ్రంగి చేత చేయించాడు. పూత తీరిగ్గా వేద్దామనుకున్నాడు. ఆ తీరిక రాలేదు. పచ్చి చెక్క పేళ్ళకు గుడ్డ పట్టుకుని పోగులు లేస్తుంటే, ఆమె పాత దుప్పటి పరిచి కుట్టుకునేది. ఈ సాయంత్రం ఆసుపత్రి నుంచి ఆమెను ఇంటికి పంపుతామన్నారు. ఈలోగా బల్ల సిద్ధం కావాలని అతని ఆరాటం.

ఫోను మోగింది. కూతురు.

"నాన్నా, అమ్మ ఒకసారి రమ్మంటోంది."

"సాయంత్రం ఇంటికే వస్తుందిగా తల్లీ?"

"ఆయాసంగా ఉందంటోంది. ఉండు, ఇస్తా."

భార్య గొంతు సన్నగా వినిపించింది. "ఏం చేస్తున్నారు?"

"నీ బల్లకి పాలిష్ కొడుతున్నా."

"ఊరందరి బీరువాలూ నిగనిగలాడించాక గుర్తొచ్చానా!" నవ్వబోయి దగ్గింది. "అదెక్కడికీ పోదుగానీ, మీరు రండి."

"ఒక్క చెయ్యి కొట్టి వచ్చేస్తా."

పూత చిమ్మే స్ప్రే గన్నును బల్లకు జానెడు ఎడంగా పట్టి, ఈ అంచు నుంచి ఆ అంచుకు జరిపాడు. తడిగా ఉన్నంతసేపూ చెక్క తేనెరంగులో వెలిగింది. చూస్తుండగానే పాలు ఒలికినట్టు బల్లంతా తెల్లబారింది.

అప్పుడైనా బయల్దేరవలసింది. నెమ్మదిగా ఆరే థిన్నర్‌ను మీద తుంపరగా కొడితే తెలుపు విడిపోతుంది. అలా వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు. ఒక మూల కొట్టాడు. తేరుకుంది. రెండో మూలకు జరిగాడు. గన్నుకు గాలి పంపే కంప్రెసర్ హోరులో ఫోను మళ్ళీ మోగడం వినబడలేదు.

మూడో మూల తేరుకుంటుండగా అల్లుడు తడిసిన బట్టలతో వచ్చి కంప్రెసర్ ఆపాడు.

"మామయ్యా, రండి."

"ఈ మూల ఒక్కటీ అయిపోతే..."

అల్లుడు అతని చేతిలోంచి గన్ను తీసి పక్కన పెట్టాడు. "ఇక తొందరేం లేదు మామయ్యా."

ఆసుపత్రివాళ్ళు అన్నట్టే సాయంత్రానికి ఆమెను ఇంటికి తెచ్చారు. నలుగురు మోసుకొచ్చి ముందు గదిలో పడుకోబెట్టారు.

వానలు వెలిసి చాలా కాలమైంది. బల్ల షెడ్డులోనే ఉంది. నాలుగో మూల ఇంకా తెల్లగానే ఉంది.