రైలు అన్న మాట

ఏడో పేజీ ప్రూఫులో రెండు అక్షరదోషాలు దిద్ది, కొండలరావు మూడో కాలమ్‌కి వచ్చాడు. శంకర్ నగర్‌లోని ఒక హిందీ దినపత్రిక ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా అతని పని ఇదే. యాభై ఆరేళ్ల మనిషి. మెడ కాస్త ముందుకు వంగిపోయింది. బొటనవేలి గోరు పక్కన ఎర్రసిరా మరక ఎంత కడిగినా పోదు. అందరి తప్పులూ దిద్దేవాడే గాని, పోయిన వారం వరకు అతని పేరు ఏనాడూ అచ్చులో రాలేదు.

మూడో కాలమ్‌లో వార్త ఇది: ఆరంగ్ తాళపత్ర గ్రంథం దొంగసొత్తని అనుమానం, వృద్ధుణ్ణి ప్రశ్నించిన పోలీసులు. దిద్దడానికి ఒక్క తప్పూ లేదు. అయినా కొండలరావు పేజీ తిప్పలేకపోయాడు.

పోయిన వారం రిపోర్టర్ తరుణ్, ఆరంగ్ అనే ఊళ్లో ఒక ముసలాయన ఇంట్లో దొరికిన తాటాకుల ఫొటోలు ఫోన్లో చూపించాడు. "ఇది మీ తెలుగే కదా అంకుల్? పాతదేనా, చూసి చెప్పండి" అన్నాడు. ఆఫీసులో తెలుగు చదవగలిగింది అతనొక్కడే. ఆకుల నిండా ఏకాదశి వ్రతకథ. చివరి ఆకు మీద, 'సౌమ్య నామ సంవత్సరం, రైలు కూలీ దానయ్య వ్రాలు' అని ఉంది. రైలు. కొండలరావు ఆ మాట రెండుసార్లు చదివాడు.

"పాతదే" అన్నాడు.

"అయితే లిపి నిపుణుడని మీ పేరు వేస్తాను" అన్నాడు తరుణ్.

రైళ్లు వచ్చాక రాసిందేనన్న మిగతా మాట నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

మర్నాడు మొదటి పేజీలో అది రెండు వేల ఏళ్లనాటి గ్రంథమైంది. మహానది ఒడ్డున మరుగునపడిన గుడి జాడ అందులో ఉందన్నారు. కొండలరావు భార్య రమణమ్మ, మొగుడి పేరున్న ముక్కను కత్తిరించి లామినేషన్ చేయించింది. టీవీల వాళ్లు ఆరంగ్‌కి పరుగెత్తారు. గ్రంథం మాదంటే మాదని రెండు వర్గాలు ఆ ముసలాయన ఇంటి ముందే కొట్లాటకు దిగాయి. అంత పాతది అతని ఇంట్లోకి ఎలా వచ్చిందని పోలీసులు ఆరా తీశారు.

ఆ ప్రూఫు ఇచ్చేసి, కొండలరావు సగం రోజు సెలవు రాసిచ్చి తెలీబంధాలో ఆరంగ్ బస్సెక్కాడు.

ఆ ముసలాయన పేరూ దానయ్యే, రైల్వేలో పట్టాలు చూసే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. తాటాకులు రాసిన తాతగారి పేరే పెట్టారు. ఇంటి ముందు పూలకుండీలు పగిలి ఉన్నాయి. కోడలు సరోజిని తలుపు ఓరగా తీసింది.

"మళ్లీ పేపరోళ్లా? మొన్న ఆ భీడ్‌లో జనం తోసేస్తే మావ కింద పడిపోనాడు. తుంటెముక ఇరిగింది. ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోలేడన్నారు. ఇంకేటి కావాల మీకు?"

"నేను తెలుగువాణ్ణే అమ్మా. తప్పు చెప్పినవాణ్ణి నేనే."

ఆమె తలుపు పూర్తిగా తీసి పక్కకు తప్పుకుంది.

మంచం మీద ఎనభై దాటిన మనిషి, దుప్పటి కింద ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. కొండలరావు కింద కూర్చుని అంతా చెప్పాడు. రైలు అన్న మాట చూశానని, చూసి కూడా చెప్పలేదని, పేరు కోసమని.

"మా తాత రాసినాడనే సెప్పినాను బాబూ" అన్నాడు దానయ్య. "ఆ పేపరు పిల్లడికి నా హిందీ అర్థం కాలేదనుకున్నాను. నీకైతే అర్థమైంది గదా."

కొండలరావు మంచం పట్టె దగ్గరికి జరిగాడు.

"పులీసోలు చోర్ అన్నారు. నలబై ఏళ్లు పట్టాలెంట నడిసినాను, ఒక్క నట్టు ఇంటికి తేలేదు." ముసలాయన ఊపిరి కూడదీసుకున్నాడు. "రాయి బాబూ. ఈసారి మొత్తం రాయి."

తిరిగొచ్చి రాశాడు. గ్రంథం వయసు నూరేళ్ల పైచిలుకని, దానయ్య నిజమే చెప్పాడని, తెలిసి కూడా దాచింది తానని. సంపాదకుడు చదివి, "సవరణ వేద్దాం. నీ సంగతి ఎందుకు? ఉద్యోగం మీదికి వస్తుంది" అన్నాడు.

"అది తీసేస్తే మిగిలినదీ అబద్ధమే సార్" అన్నాడు కొండలరావు.

ఆయన మొదటి పేజీ అడుగున చోటిచ్చాడు. ఆ పేజీ ప్రూఫు మడిచి జేబులో పెట్టుకుని కొండలరావు మళ్లీ ఆరంగ్ బస్సెక్కాడు. ముసలాయనకి చదివి వినిపించాలి.

దీపాలు పెట్టే వేళకి చేరాడు. గుమ్మం ముందు చెప్పుల జతలు చాలా ఉన్నాయి. లోపల మంచం ఎత్తేశారు. ముసలాయన నేల మీద ఉన్నాడు.

"నువ్వెళ్లినాక అట్టముక్క అడిగినాడు" అంది సరోజిని. "ఏదో రాసినాడు. కిటికీకి కట్టమన్నాడు. కట్టినాను. మళ్లీ లోపలికొచ్చి చూసేసరికి..."

కొండలరావు జేబులోని కాగితం తీయలేదు. బయటికి వచ్చి నిలబడ్డాడు. వీధిలో వాళ్లు వచ్చిపోతూ కిటికీ వంక ఒకసారి చూసి వెళ్తున్నారు.

చువ్వలకి పాత చీర అంచుతో కట్టిన అట్టముక్క మీద, వణికిన పెద్ద పెద్ద అక్షరాలతో, ఆ వీధిలో మరెవరూ చదవలేని తెలుగులో ఉంది: 'అయ్యలారా, నేను దొంగను కాను.'